రెండవ పేరు

మా మనుమరాలికి ‘నీల’ యని పేరు నిశ్చయించితిమి. దానికి జోడుగా రెండవ పేరేది? ‘నీలవేణి’ చెవికింపు. గతించిన మా తల్లి పేరు లక్కమ్మ. ‘నీల లక్కమ్మ’ యనిన బడిలో నవ్వుదురని పిల్ల తల్లి శంకించెను. ఉపాధ్యాయుడనైన నాకును ఆ శంకయే కలిగినది, పిదప సిగ్గుపడితిని.

12వ శతాబ్దమున కల్యాణమందు ఆయ్దక్కి లక్కమ్మ యను శరణి యుండెను. ఆయ్దక్కి యనగా ఏరిన బియ్యము. భర్త మారయ్య యొకనాడు అవసరమునకు మించి బియ్యము తేగా, మిగులును తిరిగి అచ్చటనే పోసి రమ్మని ఆమె పంపెనని పెద్దలు చెప్పుదురు. ‘ఆయ్దక్కి’ తలిదండ్రు లిడిన పేరు కాదు, కాయకమువలన వచ్చినది.

వినసొంపు కోరుట దోషము కాదు. కాని పెద్దల పేరు నిలుపుట వారి ఋణమును స్మరించుట. పేరు మన మీయగలము. గుణమును బిడ్డయే ఆర్జింపవలెను. తుదకు నీల లక్కమ్మ యనియే పిలిచితిమి. ఎవరైన నవ్వినచో ఈ కథ చెప్పుట మా పని.