జీర్ణరథోద్ధారము

జీర్ణమైన వస్తువును బాగుచేసి వాడుకొనుట యొక పని. దానిని మరల తొల్లింటి వస్తువుగనే నిలువబెట్టుట మఱియొక పని. మొదటిదానికి చేతినేర్పు చాలును. రెండవదానికి చేతినేర్పుతోబాటు "తొల్లింటి దన నేది?" యను ప్రశ్నకు సమాధానము గూడ గావలెను. ఈ ప్రశ్నను దేవాలయములనుగూర్చియు, ధర్మశాస్త్రములనుగూర్చియు, సంఘమునుగూర్చియు మన పెద్దలు పలుమాఱు చర్చించియున్నారు. మేము దాని నిప్పుడొక పాత మోటారుబండినిబట్టి విచారింప దలచితిమి. విషయము చిన్నదని చదువరులు త్రోసివేయకుందురు గాక.

అరకులోయలో మే మెఱిగిన గృహస్థు డొకరు తమ యింటి వెనుకనున్న రేకుల షెడ్డులో నొక పాత పరుగుబండిని బాగుచేయించుచున్నారు. అది ఎం.జి. సంస్థవారి టి.సి. యను రెండు సీట్ల బండి. 1945 మొదలు 1949 వఱకు ఇంగ్లండులోని ఆబింగ్డను కార్ఖానాలో నిట్టివి సుమారు 10,000 తయారైనవి. పొడవైన ముక్కు, సన్నని తీగల చక్రములు, ముందునకు మడిచి పండుకొనబెట్టదగిన అద్దము, 1250 ఘనసెంటీమీటర్ల యింజను. నేటి చిన్న కుటుంబపు కారు దీనిని తేలికగా దాటిపోగలదు. అయినను దీనిని చూచిన బాలుడు గాని వృద్ధుడు గాని నిలువక పోజాలడు.

ఈ బండి దేహములో నొక విశేషము గలదు. పై రేకు క్రింద నుండునది యినుము గాదు, కొయ్య. యాష్ అను సీమచెట్టు కలపతో చట్రము కట్టి, దానిపై రేకు తొడుగుదురు. మా లోయ సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తున నున్నది. వానకాలమున మబ్బు కిటికీగుండ నింటిలోనికి వచ్చును. దండెముమీద బట్ట నాలుగుదినములకైనను ఆఱదు. అట్టి తేమలో సీమకొయ్య చాలవఱకు చివికినది. చివుకనిదానిని చెద తిన్నది. ఇప్పుడు వడ్రంగి యొక పడిపోయిన యింటి దూలములనుండి తీసిన వేగిస కఱ్ఱతో చట్రమును క్రొత్తగా గట్టుచున్నాడు. ఇంజనులోని బుష్షులు లేతుమీద క్రొత్తగా తిప్పించినవి. ఎడమవైపు మడ్‌గార్డు పూర్వపు యజమాని కాలమున నేదో ప్రమాదములో నలిగిపోగా, పేరు తెలియని టింకరు డొకడు సమ్మెటతో సాగగొట్టి చేసినది. కుడివైపు దానికంటె దీని వంపు వ్రేలెడు తక్కువ. ఇక మిగిలినదేమి? చాసిసు, ఇంజను దిమ్మ, చక్రములలో కొన్ని, కొన్ని గడియారములు. ఇది యా 1940ల నాటి బండియేనా?

మిళిందపన్హ మను పాళీగ్రంథమున నాగసేనుడను భిక్షువు మిళిందు డను రాజు నిట్టి చిక్కులోనే పెట్టెను. క్రీస్తుపూర్వము రెండవ శతాబ్దమున వాయవ్యభారతము నేలిన గ్రీకురాజు మినాండరే యీ మిళిందుడు. రథమెక్కి వచ్చితినని రాజు చెప్పగా, నొగ రథమా, ఇరుసా, చక్రములా, కాడియా యని భిక్షువు ఒక్కొక్కదాని నడిగి, ఏదియు గాదనిపించి, అన్నింటి కూడికకు మనము పెట్టుకొన్న పేరే రథమని తేల్చెను. నైయాయికు లిందు కొప్పుకొనరు. అవయవములకంటె వేఱుగా అవయవి యొకటి కలదనియు, పోగులకంటె వస్త్రము వేఱనియు వారి మతము. కాని వారి మతములో నొక విచిత్రము గలదు. ఒక్క పోగు లాగివేసినను పాత వస్త్రము నశించి, మిగిలిన పోగులతో ఖండపట మను క్రొత్త వస్త్రము పుట్టును! ఈ లెక్కను మెకానిక్కు నట్టు విప్పిన ప్రతిసారియు నొక కారు చచ్చి యింకొక కారు పుట్టవలెను. రవాణాశాఖవారు తర్కశాస్త్రము చదువకుండుటయే మనకు క్షేమము.

చూచినవారందఱు "అదే బండి" యని గుర్తుపట్టుచున్నారు గదా, అది చాలదా యందురేమో. ఈ గుర్తునకు మనవారు ప్రత్యభిజ్ఞ యని పేరుపెట్టిరి. కాని దానిని నమ్మరాదనుటకు వారే దీపమును దృష్టాంతముగా జూపిరి. వత్తిమీది జ్వాల క్షణక్షణమును వేఱగుచున్నను, సాయంకాలము వెలిగించిన దీపమే తెల్లవాఱుజామున గూడ వెలుగుచున్నదని మన మనుకొందుము. గుర్తుపట్టుట మన మనసులోని పని. ఒకటగుట వస్తువులోని సంగతి. పాశ్చాత్యులలో ప్లూటార్కు చెప్పిన థీసియసు ఓడ కథయు నిట్టిదే: పలకలన్నియు మార్చిన పిదప అది పాత యోడయేనా యని. 17వ శతాబ్దమున హాబ్సు దానికి మెలిక పెట్టెను: తీసివేసిన పాత పలకలను దాచి యొకడు వానితోనే మఱియొక ఓడ గట్టినచో, రెంటిలో థీసియసుది యేది? పాతకార్ల లోకములో నిది వట్టి యూహ గాదు. చాసిసు కొన్నవాడొకడు, ఇంజను కొన్నవాడొకడు, చెఱియొక బండి గట్టి, తమదే యసలుదని పోట్లాడుకొనుట గలదు.

ఈ ప్రశ్నమీద న్యాయాధిపతి యొకడు తీర్పు చెప్పవలసివచ్చిన సందర్భము గూడ గలదు. "ఓల్డ్ నంబర్ వన్" అను బెంట్లీ బండి 1929లోను, 1930లోను ఫ్రాన్సుదేశపు ల మాన్ పందెములో వరుసగా గెలిచినది. 1932లో బ్రూక్లాండ్సు పందెమున ప్రమాదమునకు లోనై, నడుపువాడు మరణించెను. తరువాత దానిని వేఱు దేహముతో మరల గట్టిరి. అంతకుముందు గూడ పందెమునకు పందెమునకు నడుమ భాగములు మార్చుచునే యుండిరి. 1990లో దీనిని ఒక కోటి పౌనులకు కొనుట కొప్పుకొన్న వారు, ఇది నిజమైన ఓల్డ్ నంబర్ వన్ గాదని వెనుకకు తగ్గగా వ్యాజ్యము లండను ఉన్నతన్యాయస్థానమున కెక్కెను. న్యాయమూర్తి ఓటన్ గారు ఇది "మూలరూపమున నున్న బండి" యనుటకు వీలులేదనిరి. అయినను ప్రామాణికమైన బండి యే యని తీర్పు చెప్పిరి. ఏలయన, భాగములు క్రమక్రమముగా మాఱినవేగాని, బండి యను వస్తువు నడుమ నెన్నడును లేకుండ పోలేదు. ఆ పేరునకు హక్కు చెప్పు మఱియొక బండియు లేదు. నాగసేనునికంటె, నైయాయికులకంటె గూడ ఈ తీర్పు మాకు సమంజసముగా దోచుచున్నది. వస్తువు యొక్క ఏకత్వము దాని ద్రవ్యములో లేదు, దాని తెగని చరిత్రలో నున్నది.

అయితే చరిత్ర తెగలేదని చెప్పుట కది బాహాటముగ నుండవలెను గదా. ఇక్కడ మాకు పూరీక్షేత్రపు నవకళేబరము జ్ఞప్తికి వచ్చుచున్నది. అధికాషాఢము వచ్చిన కొన్ని యేండ్లలో జగన్నాథుని దారుమూర్తులను విడిచి, క్రొత్త వేపమ్రానులతో మూర్తులను చెక్కుదురు. 1977లోను, 1996లోను, ఇటీవల 2015లోను ఇట్లు జరిగెను. లోపలి బ్రహ్మపదార్థమును పాతమూర్తినుండి క్రొత్తమూర్తిలోనికి రాత్రివేళ కన్నులు గట్టుకొని మార్చుదురు. ఈ పని చేయు దైతాపతులు తాము శబరుడైన విశ్వావసుని సంతతి వారమని చెప్పుకొందురు. శబరులు మా తూర్పుకనుమల కొండలవారే. చదువరులు గమనింపవలసిన దేమన, వారు పాతమూర్తిని కోయిలి వైకుంఠమున పాతిపెట్టి, తమ యింట మృతి సంభవించినట్లు అశౌచము పట్టుదురు. దేవు డతడే, అయినను కొయ్య చచ్చెను. రెండు మాటలును నిజమే. రెంటిలో దేనిని వారు దాచరు. ఈ యాచారముయొక్క మతవిశ్వాసమును మేమిచ్చట సమర్థింప బూనలేదు. దానిలోని నిజాయితీ మాత్రము పాతకార్ల వ్యాపారులలో పదిమందికి గలిగినను లోకము బాగుపడును. తుక్కులో దొరికిన నంబరు పలకను తెచ్చి, నిన్న చేసిన చాసిసుకు బిగించి, అసలుదని యమ్మువారికి అశౌచము లేదు.

ఇక మడ్‌గార్డు సంగతి. ఇంగ్లండునుండి అచ్చముగా పూర్వపు వంపుతో చేసిన క్రొత్త మడ్‌గార్డు తెప్పింపవచ్చుననియు, దానివలన బండి "శుద్ధమగు"ననియు ఆ గృహస్థునకు పలువురు సలహా చెప్పిరట. ఈ శుద్ధి యను మాటయే మాకు కంటగింపుగా నున్నది. టి.సి. పుట్టుకయే యెంత శుద్ధమో చూడుడు. దాని యింజనులోని మఱలచుట్లు మెట్రిక్కు కొలతవి. ఆ మఱల తలలు మాత్రము విట్‌వర్తు అను ఇంగ్లీషు కొలతవి. 1923లో మారిసుగారు ఫ్రెంచి హాచ్‌కిస్సు సంస్థవారి కవెంట్రీ కార్ఖానాను కొనిరి. అందలి యంత్రములు మెట్రిక్కు చుట్లు కోయునవి. ఇంగ్లీషు మెకానిక్కుల పానాలు పట్టవలెనని తలలను మాత్రము ఇంగ్లీషు కొలతకు జేసిరి. ఆ వాడుక టి.సి. వఱకు నడచినది. అనగా నీ బండి తల్లికడుపులోనే సంకరము! దీనికి శుద్ధస్థితి యని యొకదానిని కల్పించి, దానికొఱకు తరువాతి డెబ్బదియేండ్ల చేతిపనిని చెత్తబుట్టలో వేయుట యెట్టి న్యాయము? వేదకాలపు నిర్మలసమాజమును మరల దెత్తుమని, నడుమ రెండువేల యేండ్లలో తెలుగువారు నేర్చినదానినెల్ల మాలిన్యమని త్రుడిచివేయ జూచు సంస్కర్తలును మనలో లేకపోలేదు. వారి వాదము గూడ నీ మడ్‌గార్డు వాదమే. సంస్కరణ మనగా చివికిన దూలమును తీసివేయుట. ఇల్లు కట్టిన దినమునకు మరలిపోవుట గాదు.

ఆ టింకరునివద్ద నక్షాలేదు, అచ్చులేదు. ఎదుటనున్న కుడి మడ్‌గార్డును కంటితో కొలిచి, దానికి ప్రతిబింబమును రేకులో గొట్టెను. వ్రేలెడు తక్కువైనది నిజమే. ఆ వ్రేలెడు కొఱతవలననే బండి పరుగెత్తెనుగాని ఆగలేదు. బండి చరిత్ర తెగలేదని మనము చెప్పగలుగుచున్నది యిట్టి పేరులేని చేతుల వలననే. వారి గుర్తును చెఱిపి, చరిత్ర తెగలేదని చెప్పుకొనుట కృతఘ్నత. మడ్‌గార్డు నుంపుడనియే మా యభిప్రాయము.

మా కొండలలో దీనిని వేఱుగ బోధింపవలసిన పని లేదు. సంతకు పోవు జీపులలో పుట్టుకనాటి భాగములెన్ని మిగిలియుండునో దేవు డెఱుగును. గేరుపెట్టె యొక బండిది, ఇరుసు మఱియొక బండిది, అయినను "ఇది మూలరూపమేనా?" యని యెవ్వరు నడుగరు, ఘాటు ఎక్కునా యని యడుగుదురు. విఱిగిన కమానుపట్టీ కమ్మరి కొలిమికి పోయి గొడ్డలి యగును. ఆ గొడ్డలికి కామ విఱిగినప్పుడెల్ల క్రొత్త కామ తొడుగుదురు. పదునుపెట్టి పదునుపెట్టి ఇనుము సగమైనను అది తండ్రి గొడ్డలియే. పట్నపు సేకర్తలకు గ్రంథము లవసరమైన సంగతి యిక్కడ వాడుకలోనే తేలిపోయినది.

ఇంత చెప్పిన పిదప నొక యాక్షేపణను దాటిపోవుట తగదు. ఇదే కొండలలో బాట లేని గ్రామములనుండి గర్భిణులను, రోగులను డోలీ గట్టి మోసికొనివచ్చుట నేటికిని వార్తలలో చదువుచున్నాము. అట్టిచోట నొక యాటబండికి లక్షలు వెచ్చించుట యేమి ధర్మము? దీనికి మావద్ద సుఖమైన సమాధానము లేదు. అంతే సొమ్ము పెట్టి నగ చేయించినవారిని మనమేమియు ననకుండుట నిజమే గాని, ఒకరి తప్పు మఱియొకరికి సమర్థన కాజాలదు. ఒక్కమాట మాత్రము చెప్పగలము. వేగిస కఱ్ఱకును, లేతుపనికిని ఇచ్చిన కూలి యీ ప్రాంతమున నలుగురి యిండ్లలో పొయ్యి వెలిగించినది. శుద్ధి కొఱకు సీమనుండి తెప్పించు మడ్‌గార్డునకు ఆ మాత్రపు సమర్థనయు లేదు.

ఇప్పుడు చట్టము సంగతి మిగిలినది. 2021లో కేంద్రప్రభుత్వమువారు చేసిన నియమములనుబట్టి ఏబదియేండ్లు దాటిన స్వంతవాహనమును వింటేజి వాహనముగా నమోదు చేయవచ్చును. క్రొత్త నమోదునకు రుసుము 20,000 రూపాయలు, నంబరులో వి.ఏ. యను అక్షరములుండును, ప్రదర్శనములకు, పందెములకు తప్ప నిత్యమును రోడ్డుమీద తిప్పరాదు. వాహనము మూలరూపమున నుండవలెననియు, చాసిసులో గాని, దేహపు చట్రములో గాని, ఇంజనులో గాని మార్పు జరిగియుండరాదనియు షరతు. సీమకొయ్యకు బదులు వేగిస కొయ్యతో, అదే కొలతలకు కట్టిన చట్రము మార్పా, మరమ్మతా? నియమము చేసినవారు ఇనుప దేహములనే తలచియుందురు. పైరేకు తొడిగి రంగు వేసిన పిదప లోపలి కొయ్య యే దేశముదో యే యధికారికిని కానరాదు. కావున దరఖాస్తులో నా మాట యెత్తకుండుట మేలని కొందఱు మిత్రులు ఆయనకు చెప్పుచున్నారు. వ్రాయవలెనని మేము చెప్పితిమి. వేగిస చట్రమును, టింకరు మడ్‌గార్డును, లేతు బుష్షులను, ఏది యెప్పుడు మార్చినదో తెలిసినంతవఱకు తేదీలతో వ్రాసి జతపఱచవలెను. తెలియని దానియెదుట తెలియదని వ్రాయవలెను. అందువలన నమోదు నిరాకరింపబడవచ్చును; బండి వెల సగమునకు పడిపోవచ్చును. ఆయన యింకను ఆలోచించుచున్నారు.