జరగని వాటి లెక్క

కృష్ణకి అటూ ఇటూ, పల్నాడులోనూ హుజూర్‌నగర్ వైపునా సున్నపురాయి ఉన్నచోటల్లా సిమెంటు ఫ్యాక్టరీలే. అలాంటి ఒకదాంట్లో నేను మెకానికల్ మెయింటెనెన్స్ ఫిట్టర్ని. కొత్తగా వచ్చే ప్రతి మేనేజరూ మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటుంది: "మీవాళ్లు షెడ్డులో కూర్చుని టీ తాగుతున్నారేంటయ్యా?" అంతా సవ్యంగా నడుస్తోంది కాబట్టి సార్ అంటే నమ్మరు. ప్రొడక్షన్ వాళ్లకి టన్నుల లెక్క ఉంటుంది, స్టోర్స్ వాళ్లకి సరుకు లెక్క ఉంటుంది. మాకున్నది జరగని వాటి లెక్క. పగలని బేరింగు, తెగని బెల్టు, ఆగని కిల్న్. వీటికి రిజిస్టరు లేదు. బ్రేక్‌డౌనయ్యి, రెండు షిఫ్టులు వరసగా నిలబడి, ఒళ్లంతా గ్రీజు పూసుకుని బాగుచేస్తే మాత్రం వచ్చి భుజం తడతారు. ఆ మెప్పు నాకెప్పుడూ సరిగా ఒంటబట్టదు. అది అంతదాకా ఎందుకొచ్చిందని అడిగే నాథుడుండడు కదా!

ఐటీఐలో ఆకురాయి పట్టడం నేర్పారు, కొలతలు నేర్పారు, బిగించడం నేర్పారు. చెయ్యి పెట్టకుండా ఉండడం మాత్రం ఎవరూ నేర్పలేదు. అది షెడ్డులో పెద్దవాళ్ల దగ్గరే పట్టుబడాలి. మేమంతా బాబాయ్ అని పిలిచే ఒకాయన, ఫ్యాను బేరింగు మీద పొడవాటి స్క్రూడ్రైవరు మొన ఆనించి, పిడిని చెవికి అదిమిపెట్టి కళ్లు మూసుకునేవాడు. లోపల రోలర్లు దొర్లే చప్పుడు ఇనుప కడ్డీ వెంట చెవిలోకి ఎక్కుతుంది. బాగున్న బేరింగుది ఒకటే సన్నని రొద. దెబ్బతిన్నదైతే మధ్యమధ్య టక్కుమంటుంది. గ్రీజు చాలకపోతే కీచుమంటుంది. కాసేపు విని, "బాగుందిరా అబ్బాయ్, దీని జోలికి పోకు" అనేవాడు. నేను అలవాటుగా గ్రీజు గన్ను ఎత్తబోతే చెయ్యి పట్టుకుని ఆపేవాడు. గ్రీజు ఎక్కువైనా బేరింగుకి చేటే. తిరిగే రోలర్లు ఆ ముద్దని చిలికి చిలికి వేడెక్కిస్తాయి. ఆ వేడికి గ్రీజులోని నూనె విడిపోతుంది. చివరికి నిండా గ్రీజున్న బేరింగే ఎండిపోయినట్టు అరుగుతుంది. ఇప్పుడు వైబ్రేషన్ కొలిచే మీటర్లొచ్చాయి, వేడిని రంగుల్లో చూపే కెమెరాలొచ్చాయి. మంచిదే, నేనూ వాడతాను. అవి అంకె చెప్తాయి. ముట్టాలా వద్దా అన్నది మనిషే తేల్చుకోవాలి.

అనవసరంగా ముట్టుకోవడం చేటని లెక్కగట్టి చూపించినవాడు మన పనివాడు కాదు, వాడింగ్టన్ అనే జీవశాస్త్రవేత్త. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళపు కోస్టల్ కమాండ్‌లో పనిచేశాడు. అక్కడ లిబరేటర్ విమానాలు 50 గంటలు ఎగిరితే చాలు, విప్పి తనిఖీ చేసేవారు. రిపేర్ల లెక్కలు గంటలవారీగా పేర్చి చూస్తే, తనిఖీ ముగిసిన వెంటనే మొరాయింపులు పెరిగి, ఎగిరేకొద్దీ తగ్గుతూ వచ్చాయి. బాగున్నదాన్ని కెలికి పాడుచేస్తున్నారన్నమాట. మరమ్మతుల షట్‌డౌన్ ముగిసి మళ్లీ నడిపిన మొదటి రెండు రోజులు మా ప్లాంటులో తిరిగినవాడికి ఇందులో వింతేమీ ఉండదు. విప్పిన ప్రతి జాయింటూ లీకవడానికి ఒక సాకు.

అయితే ఇది చేతులు కట్టుకుని కూర్చోమనే వాదన కాదు. కిల్న్ సంగతే చూడండి. తిరుగుతూ ఉండే పెద్ద ఇనుప బట్టీ అది. లోపల సరుకు 1450 డిగ్రీల దాకా కాలి, సిమెంటుగా పిండిచేసే క్లింకరు గడ్డలవుతుంది. కరెంటు పోయి కిల్న్ ఆగిందంటే, ఆగింది కదా అని వదిలెయ్యడానికి లేదు. కాలుతున్న ఆ ఇనుప గొట్టం కదలకుండా నిలబడితే తన బరువుకి తనే వంగుతుంది, లోపలి ఇటుకల వరస చెదురుతుంది. డీజిల్ ఇంజను వేసి, అది చల్లారేదాకా కొద్దికొద్దిగా తిప్పుతూనే ఉండాలి. దాన్ని బారింగ్ అంటాం. అప్పుడే వాన అందుకుందంటే ఇక చెప్పక్కర్లేదు. పైభాగం ఒక్కటే చల్లబడితే వంపు ఇంకా తొందరగా వస్తుంది. ఫ్యాక్టరీ ఆగింది, ఇవాళ వీళ్లకి విశ్రాంతి అని ఊళ్లో జనం అనుకునే రాత్రి మాకు కునుకుండదు.

నడిచేదాన్ని ముట్టుకోకపోవడం ఎంత పనో, ఆగినదాన్ని కనిపెట్టుకుని ఉండడం అంతకు మించిన పని. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి, ప్లాస్టిక్ తయారీకి వాడే స్టైరీన్ ఆవిరి ఊరి మీద పడి 12 మంది చనిపోయారు. లాక్‌డౌన్‌లో ఉత్పత్తి ఆగింది గానీ ట్యాంకులో స్టైరీన్ ఆగలేదు, తనలో తను వేడెక్కుతూనే ఉంది. దాన్ని చల్లబరిచే ఏర్పాటూ, అదుపులో పెట్టే రసాయనమూ ఉండాల్సినట్టు లేవని ప్రభుత్వ కమిటీ తేల్చింది.

ఇక నన్ను నిద్రపోనివ్వని చిక్కొకటుంది. బేరింగులో టక్కుమనే చప్పుడు ఫిట్టరు చెవికి వినబడుతుంది. ఆపే అధికారం మాత్రం ఇంకొకరి సంతకంలో ఉంటుంది. ఆపి, విప్పి, సకాలంలో మార్చామనుకోండి. ఏమీ జరగదు. ఏమీ జరగలేదు కాబట్టి అనవసరంగా ఆపారన్న మాట పడాలి. తప్పిన ప్రమాదాన్ని సాక్ష్యంగా ఎక్కడినుంచి పట్టుకొస్తాం? పైగా నెలాఖరు, టార్గెట్టు. అందులోనూ మా షెడ్డులో ఎక్కువమంది కాంట్రాక్టు కుర్రాళ్లు. రేపు గేటు పాసు ఉంటుందో లేదో తెలియనివాడు "సార్, ఇది ఆపాలి" అని గట్టిగా అనగలడా? విన్నది మింగేసి ఇంటికెళ్తాడు. చెవి ఎంత పదునుగా ఉంటే ఏం లాభం!

అందుకే ప్లాంటు నడిపే పెద్దలకి ఒక విన్నపం. ఫలానా యంత్రం ఆపాలని ఎవరు చెప్పినా, పర్మనెంటైనా కాంట్రాక్టయినా, ఆ మాట లాగ్‌బుక్‌లో అతని పేరుతో రాయించండి. ఆపకూడదనుకుంటే ఎందుకో దాని కిందే రాసి మీరు సంతకం పెట్టండి. ఆపమన్నది తప్పని తేలినా ఆ మనిషి పని ఊడదని కాగితం మీద రాసి షెడ్డు గోడకి అంటించండి. మా గోడ మీద హెల్మెట్టు బొమ్మలున్నాయి, భద్రతా నినాదాలున్నాయి. ఆ కాగితం మాత్రం ఇంతవరకూ లేదు.