బొమ్మ వచ్చిందా?

మొన్న చవితి పందిట్లో ప్రవచనం చెప్పడానికొచ్చిన ఆయన మంచి మాటకారి. "భగవంతుడి దయ టీవీ సిగ్నల్ లాంటిదండీ. అన్ని వేళలా, అన్ని ఇళ్ల మీదా పడుతూనే ఉంటుంది. మీ ఏంటెన్నా మీరు సరిగ్గా తిప్పుకోకపోతే తప్పు ఆయనదా?" అన్నారు. పందిరంతా చప్పట్లు. నేను కొట్టలేదు. భక్తి లేక కాదు. మాది ఐనవిల్లి, సిద్ధి వినాయకుడి మొహం చూడకుండా ఏ పనీ మొదలుపెట్టను. కాకపోతే ముప్పయ్యేళ్లు ఈ చుట్టుపక్కల ఇళ్లెక్కి ఏంటెన్నాలు తిప్పిన చేతులివి. వాటికి ఆ పోలిక నచ్చలేదు.

దూరదర్శన్‌లో రామాయణం 1987 జనవరి 25న మొదలై 1988 జూలై 31 దాకా నడిచింది. ఆ ఆదివారాలు నాకు పండగలు, అంటే పని పండగలు. శనివారం సాయంత్రం నుంచే కబుర్లొచ్చేవి: "బొమ్మ సరిగ్గా రావట్లేదు, ఓసారి వచ్చి పొమ్మన్నారు." అప్పటి ఏంటెన్నా అంటే అడ్డగొట్టానికి బిగించిన అల్యూమినియం పుల్లలు. వెనకది అన్నిటికన్నా పొడుగు, దాని ముందు తీగ తగిలించే మడత పుల్ల, ఆ ముందు ఒకదానికన్నా ఒకటి పొట్టి పుల్లలు. 1926లో జపాన్‌లో ఉడా, యాగీ అని ఇద్దరు పంతుళ్లు కనిపెట్టిన అమరిక అది. పుల్ల పొడుగు వచ్చే అల పొడుగులో సుమారు సగం ఉండాలి. వేలెడు తేడా వచ్చినా ఊరుకోదు. పొట్టి పుల్లలు టవరు వైపు చూడాలి. ఇంతవరకూ ప్రవచనకారుడి మాట నిజమే. తిప్పుకోవాలి.

తిప్పినా రాని ఇళ్లుండేవి. నా గొడవంతా వాటి గురించే.

కొబ్బరితోట వెనక ఒక మామ్మగారి పెంకుటిల్లు. కాయలమ్మిన డబ్బు కూడబెట్టి, ఎవరో వాడేసిన బ్లాక్ అండ్ వైట్ టీవీ కొనుక్కున్నారు. ఎదురుగా రెండంతస్తుల మేడాయన ఏంటెన్నాని ఎటు తిప్పినా బొమ్మ వచ్చేది, పైగా ఆయన రామాయణం టైముకి చీట్లాడేవాడు. మామ్మగారేమో స్నానం చేసి, టీవీకి బొట్టు పెట్టి, కర్పూరం వెలిగించి కూర్చునేవారు. ఆవిడకి చుక్కలు. చుక్కల్లో ఎక్కడో రాముడు. ఆవిడ తిప్పుకోలేదనా? చుట్టూ తోట, పల్లపు నేల, పదిహేనడుగుల వెదురు గెడ. గాలికి మట్టలూగితే రాముడూ ఊగేవాడు. ఇనప గొట్టం వేసి ముప్పై అడుగులెత్తితే వచ్చును. గొట్టానికి డబ్బెవరిస్తారు? ఎత్తు అనేది భక్తి లెక్క కాదు, ఇనుము లెక్క. ప్రవచనంలో ఆ లెక్క రాలేదు.

ఓ ఆదివారం ఆవిడ ఇంటి కప్పెక్కి గెడ పట్టుకున్నాను. కిందనుంచి కేక: "ఆయ్, వచ్చింది బాబూ! అద్దంలా వచ్చింది!" గెడ వదిలాను. "పోయింది!" మళ్లీ పట్టుకున్నాను. "వచ్చింది! అలాగే ఉండు నాయనా, కదలకు!" మనిషి ఒళ్లు ఉప్పునీళ్ల మూట కదా, అదీ ఒక పుల్లలాగే పనిచేస్తుంది. అరగంట పైన పెంకుల మీద ఎండలో నిలబడ్డాను. కింద రామాయణం నాకు వినపడింది, కనపడలేదు. నిజం చెప్పాలంటే ఆ ఏడాదిన్నరలో నేను పూర్తిగా చూసిన భాగాలు పట్టుమని పది లేవు.

పెద్దలు దయ గురించి రెండు న్యాయాలు చెబుతారు. కోతిపిల్ల తల్లిని తానే కరుచుకోవాలన్నది మర్కటకిశోర న్యాయం. పిల్లి తన కూనని తానే నోట కరుచుకు పోతుందన్నది మార్జాలకిశోర న్యాయం. దీని మీద వైష్ణవ పండితులు తరాల తరబడి వాదించుకున్నారు. నాకు రెండూ అందంగానే ఉంటాయి. కాని రెండిట్లోనూ తల్లీ పిల్లా, ఇద్దరే. మామ్మగారి కప్పు మీద మూడోవాడున్నాడు. వాడు ఇచ్చేవాడూ కాదు, పుచ్చుకునేవాడూ కాదు. వాడికి ఏ శాస్త్రంలోనూ పేరు దొరకలేదు నాకు.

బూస్టర్ గురించీ చెప్పాలి. బొమ్మ మసగ్గా ఉంటే జనం టీవీ పక్కన బూస్టర్ పెట్టించుకునేవాళ్లు. అది బొమ్మతో పాటు చుక్కల్నీ పెంచుతుంది. పెడితే పైన, ఏంటెన్నా మొదట్లో పెట్టాలి, తీగలో బలం పోకముందే. చవితికి మైకుల జోరు పెంచే కుర్రాళ్లకి ఈ మాట ఎన్నిసార్లు చెప్పానో. వినరు. ఇంకొకాయన ఏంటెన్నా ఈశాన్యంలో పెట్టమన్నాడు, వాస్తుకి మంచిదని. పెట్టాను. రాలేదు. మళ్లీ డబ్బిచ్చి తీయించాడు. ఆ పుణ్యం నాకు దక్కింది.

తప్పు పుచ్చుకునేవాడిదే అనుకోవడం పెద్ద పెద్దవాళ్లకీ తప్పలేదు. 1964లో అమెరికాలో పెంజియాస్, విల్సన్ అనే ఇద్దరికి తమ పెద్ద కొమ్ము ఏంటెన్నాలో ఎటు తిప్పినా ఒకటే రొద. లోపల పావురాలు గూడు పెట్టాయి. వాటిని తరిమి, రెట్టంతా కడిగారు. రొద పోలేదు. చివరికి తేలిందేమిటంటే, అది విశ్వం పుట్టుకనాటి వెలుగు చల్లారి మిగిలిన సెగ. దానికే 1978లో నోబెల్ వచ్చింది. మామ్మగారి టీవీలో చుక్కల్లోనూ దాని పాలు కాస్త ఉండేదట. రాముడు రాలేదని ఆవిడ ఏడ్చిన పూట కూడా, సృష్టి మొదటి వెలుగు ఆవిడ గదిలోకి వచ్చి వెళ్లింది. ఈ సంగతి నేను చదివేసరికి ఆవిడ లేరు.

1996 నవంబరు 6 తుపానుకి ఆ తోట నేలమట్టమైంది. కరెంటొచ్చాక టీవీ పెడితే, గెడ ఎవరూ పట్టుకోకుండానే బొమ్మ అద్దంలా ఉంది. అడ్డం తొలగిపోయింది మరి. మామ్మగారు కాసేపు చూసి, "ఇలాగైతే నాకొద్దు బాబూ" అని కట్టేశారు.

ఇప్పుడా పుల్లలు లేవు. 2022 మార్చి నాటికి దూరదర్శన్ పాత టవర్లన్నీ దాదాపుగా ఆగిపోయాయి. 2016లో నేల టవర్ల మీద డిజిటల్ మొదలెట్టిన పదహారు నగరాల్లో తెలుగు ఊరు ఒక్కటీ లేదు. మాకు ఫ్రీ డిష్షే గతి. సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున, 93.5 డిగ్రీల తూర్పున ఉన్న ఉపగ్రహం. మా స్వామి దక్షిణానికి చూస్తాడు, మా డిష్షులు ఆగ్నేయానికి కాస్త దక్షిణంగా. బాక్సులో రెండు గీతలుంటాయి: స్ట్రెంత్, క్వాలిటీ. డిష్ వేరే ఉపగ్రహం వైపు తిరిగున్నా స్ట్రెంత్ నిండుగానే కనపడుతుంది, క్వాలిటీ సున్నా. కొత్త కుర్రాళ్లు మొదటి గీత చూసి మురిసిపోతారు.

దీంట్లో చుక్కలుండవు. సిగ్నల్ ఒక హద్దు దాటి ఉంటే నిఖార్సైన బొమ్మ. హద్దుకి రవ్వంత తగ్గితే గళ్లు గళ్లుగా విరిగి, తర్వాత నల్లటి తెర. ప్రవచనకారుడి పోలిక దీనికే సరిగ్గా సరిపోతుంది: అందినవాడు, అందనివాడు, మధ్యలో ఎవరూ లేరు. నా భక్తి మాత్రం పాత టీవీదే. ఎప్పుడూ చుక్కలే, ఎప్పుడో ఓసారి ఆయన మొహం. పరీక్షల ముందు స్వామి దగ్గర పూజ చేసిన పెన్నులు పిల్లలకి పంచుతారు మా గుళ్లో. పెన్ను అందరికీ ఒకటే. తప్పిన పిల్లాడితో నీ ఏంటెన్నా సరిగా లేదురా అనడానికి నాకు నోరు రాదు.

ఇదంతా ఆయనతో చెబుదామనే మర్నాడు పందిట్లోకి వెళ్లాను. వాన పడి వెలిసింది. ఆయన అప్పటికే మొదలెట్టేశారు. ఆడవాళ్లు కూర్చున్న వెనక వరసల దగ్గర స్పీకరు మూగపోయింది. వెనక్కెళ్లి చూస్తే తీగ అతుకు ఊడింది. టేపు లేదు, కత్తెర లేదు. బొటనవేలితో నొక్కిపెడితే పలుకుతోంది, తీస్తే ఆగిపోతోంది.

"వెనకవాళ్లకి వినపడుతోందాండీ?" అని అడిగారాయన మైకులో.

తీగ మీద వేలు తియ్యకుండా రెండో చెయ్యి పైకెత్తాను.