పసుపు చొక్కా

మన తడ యువకులు రైలెక్కి చెన్నపట్టణము పోయి, చెపాక్ మైదానములో రాత్రివేళ క్రికెట్టు చూచి వచ్చుచున్నారు. ఇది పాపమా అని పెద్దలు కొందరు అడుగుదురు. ఒక రాత్రి వినోదమును మేము తప్పుపట్టము. టికెట్టు వెల మాత్రము కూలివానికి బరువే. మేమడుగు ప్రశ్న వేరు. అక్కడ మనము ప్రేమించునది మనుష్యునా, చొక్కానా?

గుంటూరువాడైన అంబటి రాయుడు 2010 నుండి 2017 వరకు ముంబయి జట్టులో ఆడెను. 2018 వేలములో చెన్నై జట్టు అతనిని 2 కోట్ల 20 లక్షలకు కొనగా, 2023 వరకు పసుపు చొక్కా తొడిగెను. మనిషి అతడే, బ్యాటు పట్టిన చెయ్యి అదే. అయినను నాడు అతడు అవుటైతే గంతులు వేసినవారే, తరువాత అతని ఫోరుకు ఈలలు వేసిరి. వస్త్రమును చూచి మనుష్యునికి పీట వేయువారిని యాకోబు తన పత్రిక 2వ అధ్యాయములో గద్దించెను. ఆ మాట ఆటస్థలమునకును తగులును గదా. జట్టుపై అభిమానము లేనిదే ఆటకు రుచి లేదు, ఒప్పుకొందము. కాని ఆ అభిమానము ఎదుటివాని నేర్పును కూడ కనబడనియ్యకపోతే?

అదే చెపాక్‌లో 1999 జనవరి టెస్టులో పాకిస్తాను మన దేశమును 12 పరుగుల తేడాతో ఓడించెను. టెండూల్కరు 136 పరుగులు చేసియు, గెలుపు దరిచేరకముందే అవుటయ్యెను. జనుల గుండె పగిలినది. అయినను వారు లేచి నిలిచి, మైదానము చుట్టివచ్చిన పాకిస్తాను ఆటగాండ్రకు చప్పట్లు కొట్టిరి.