అదృశ్యసాక్ష్యమునకు బలియైన వృద్ధురాలు



నాస్తికులు చేసిన క్రౌర్యములను గూర్చి మనము తరచుగా వినుచుందుము. భక్తులు దైవము పేర చేసిన క్రౌర్యములు మనకు మరింత స్మరణీయములు; ఏలయన నవి మనవంటివారు చేసినవి. అట్టి యొక వృత్తాంతమును నేడు మీ సన్నిధి నుంచుచున్నాము.

అమెరికాలోని మసాచుసెట్సు ఆంగ్లేయుల వలసరాజ్యముగా నున్న కాలమున, సేలము గ్రామమందు రెబెకా నర్సు అను గృహిణి యుండెను. 1692వ సంవత్సరమున నామెకు 71 ఏండ్లు. ఎనమండుగురు బిడ్డల తల్లి, దైవభక్తురాలు, చెవి సరిగా వినబడదు. ఆ యేటి యారంభమున నా గ్రామములో కొందరు బాలికలకు వింత మూర్ఛలు వచ్చెను. ఇది మంత్రగత్తెల కృత్యమని పెద్దలు నిశ్చయించిరి. మొదట పట్టుబడిన వారిలో నొకతె బిచ్చమెత్తి బ్రతుకు పేదరాలు; మరియొకతె దాసి. వారికొర కెవరును నోరు మెదపలేదు. పేదల గుడిసెల నంటుకొన్నపుడు ఆర్పని యగ్ని, మార్చి మాసమున రెబెకా యింటిని సయితము చుట్టుకొనెను.

అధికారులు ప్రశ్నింపగా తాను నిరపరాధిననియు, భగవంతుడే తన నిర్దోషిత్వమును వెల్లడిచేయుననియు నామె విన్నవించుకొనెను. ఇరుగుపొరుగువారు సుమారు 40 మంది, తమకును కీడు వాటిల్లునేమో యను భయమును విడిచి, ఆమె సచ్ఛీలమును దృఢపరచుచు వ్రాలు చేసిరి.

ఆమెపై తేబడిన సాక్ష్య మెట్టిది? న్యాయస్థానములలో దినములు గడపు మాకు ఈ యంశమే మిక్కిలి విచారము గొలుపుచున్నది. ఆమె రూపము తమ యొద్దకు వచ్చి గిల్లినదనియు, కొరికినదనియు బాలికలు చెప్పిరి. ఆ రూపము వారికి దప్ప నన్యులకు కనబడదు. దేహము రోగశయ్యపై నుండగనే రూపము వేరొకచోట సంచరించునట! తానచ్చట లేనని నిరూపించినను ప్రయోజన మేమి? ఆమె పక్షమున వాదించుటకు న్యాయవాదియును లేడు. నిందయే రుజువయ్యెను.

జూన్ నెలాఖరున విచారణ జరిగెను. జ్యూరీవారు మొదట నిర్దోషి యని తీర్పు చెప్పిరి. తక్షణమే బాలికలు మిన్నుముట్ట నరచిరి. ప్రధాన న్యాయాధిపతి విలియం స్టౌటన్, నిందితురాలు పలికిన యొక మాటను మరల ఆలోచింపుడని జ్యూరీకి సూచించెను. నేర మొప్పుకొన్న యొక స్త్రీని సాక్ష్యమునకు తెచ్చినపుడు రెబెకా యామెను తమలోనిది యను నర్థము వచ్చునట్లు పేర్కొనియుండెను. తోటి ఖైదీ యని యామె భావము. తోటి మంత్రగత్తె యని వారి యూహ. అర్థమేమని యడుగగా, చెవుడును దుఃఖమును గల యా వృద్ధురాలు బదులు చెప్పలేదు. మౌనము అంగీకారముగా గొనబడి తీర్పు తారుమారయ్యెను. గవర్నరు ఫిప్సు శిక్షను నిలిపియు, మరల నా యుత్తరువును రద్దుచేసెను. జూలై 3న ఆమె సంఘమే యామెను వెలివేసెను. జూలై 19న మరి నలుగురు స్త్రీలతోగూడ నామె ఉరితీయబడెను.

నేర మొప్పుకొని ఆ మాటపై నిలిచినవారి నా యేట ఉరితీయలేదు. ఒక్క యసత్యముతో ప్రాణము దక్కెడిది. ఆ యసత్య మాడజాలకయే రెబెకా మరణించెను. ఆమె చెల్లెలు మేరీ ఈస్టీ, సెప్టెంబరు 22న ఉరితీయబడుటకు ముందు, తన ప్రాణమును యాచింపక, ఇకపై నిరపరాధుల రక్తము చిందింపవలదని మాత్రమే న్యాయాధిపతులను వేడుకొనెను. మొత్తము 19 మంది ఉరికంబ మెక్కిరి.

పిమ్మట పశ్చాత్తాపము వచ్చెను. 1697లో న్యాయాధిపతి శామ్యూల్ సీవాల్ ప్రార్థనామందిరమున లేచి నిలువగా, నిందను తనపై వేసికొను నాతని పత్రమును ఆచార్యుడు చదివెను. జ్యూరీవారు పన్నిద్దరు క్షమాపణ వేడిరి. స్టౌటన్ మాత్రము వేడలేదు. 1712లో సంఘము వెలిని రద్దుచేసెను. ఆమె చనిపోయి అప్పటికి ఇరువది యేండ్లు. ఆనాడు శిక్ష విధింపబడినవారిలో చివరి స్త్రీకి నిర్దోషిత్వము శాసనపూర్వకముగా లభించినది 2022లో!

విద్యావంతులారా! స్టౌటను, సీవాలు ఇరువురును హార్వర్డు కళాశాలలో చదివినవారే. విద్య యొక్కటియే మనలను కాపాడునని నమ్మి నిశ్చింతగా నుండరాదు. మన దేశమునను బీహారులో 1999లో, జార్ఖండులో 2001లో మంత్రగత్తెలను నెపమున స్త్రీలను హింసించుటను నిషేధించు చట్టములు కావలసివచ్చెను. చేతబడి, బాణామతి యను మాటలు తెలుగునాట నింకను నశింపలేదు.

ఆ జ్యూరీకి సత్యము గోచరించినది. నోట పలికినది కూడ. అరపులకును అధికారమునకును వెరచి దానిని విడిచిరి. ఆ నలువదిమంది పొరుగువారో, తాము కన్నదానిని వ్రాసి దానిపై నిలిచిరి. వారి వ్రాలు ఆమె ప్రాణమును నిలుపలేకపోయినను, ఆ యూరిలో ధర్మ మింకను బ్రతికియున్నదని నేటికిని చాటుచున్నవి. మన పొరుగున నొక యనాథపై నింద పడిననాడు మన వ్రాలు ఏ కాగితముపై నుండునో నేడే నిశ్చయించుకొందము.

సర్వసాక్షియగు పరమేశ్వరుడు మనకు కన్నదానిని పలుకు ధైర్యమును, కననిదానిని నమ్మని వివేకమును ప్రసాదించుగాక!