స్కానర్ మాట ప్రమాణమా?

ధర్మసాగర్ నుంచి హనుమకొండ వెళ్లే పాత పెట్రోలు కారులో ఇంజిన్ లైటు వెలిగితే, మెకానిక్ స్టీరింగ్ కింద స్కానర్ తగిలిస్తాడు. పీ0171 అనే కోడ్ పడుతుంది. అంటే ఇంజిన్‌లో గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. కారణం మాత్రం అది చెప్పదు. వాక్యూమ్ పైపు పగిలి ఉండొచ్చు, ఫ్యూయల్ పంపు నీరసించి ఉండొచ్చు. మరి ఆ కోడ్‌ను ఎంతవరకు నమ్మాలి?

17వ శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు తర్కసంగ్రహంలో ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నాలుగు ప్రమాణాలు, అంటే తెలుసుకునే మార్గాలు, చెప్పాడు. స్కానర్ కోడ్ వీటిలో ఏది? వినడానికి శబ్దప్రమాణంలా, అంటే నమ్మదగినవారి మాటలా ఉంటుంది. నిజానికి అది అనుమానం, అంటే సెన్సర్ కొలతలను బట్టి కంప్యూటర్ ఊహించి తేల్చింది. దాన్నే ఆప్తవాక్యమని నమ్మి ఆక్సిజన్ సెన్సర్ మార్చేస్తే డబ్బు పోతుంది, లైటు పోకపోవచ్చు.

కాబట్టి కోడ్ చదివి ఊరుకునే పరికరం చాలదు. ఇంజిన్ నడుస్తుండగా సెన్సర్ విలువలు చూపేదే కొనాలి.

బండి తన లోపాలను తానే కనిపెట్టి కోడ్‌గా చెప్పే ఓబీడీ-2 వ్యవస్థ మన దేశంలో తప్పనిసరి అయింది 2013లో. అంతకు ముందరి బండికైతే, ఆ మోడల్‌తో, దాని కే-లైన్ అనే పాత డేటా తీగతో పరికరం మాట్లాడుతుందో లేదో తగిలించి చూశాకే డబ్బివ్వాలి. ఇక కార్బురేటర్ మారుతి 800కు స్కానరే అక్కర్లేదు. ప్లగ్గు విప్పి చూస్తే, తెల్లబారిన దాని కొసే పెట్రోలు తక్కువైందని చూపిస్తుంది.