తాతల పొలం ఎవరిది?

ఊళ్లో తాతల నాటి పొలం మీలో చాలామందికి ఉండే ఉంటుంది. మనం ఇక్కడ, దుక్కి దున్నే కౌలు రైతు అక్కడ. "పితరుల స్వాస్థ్యం, అమ్మం" అంటాం. నాబోతు కూడా అహాబు రాజుతో అదే అన్నాడు. కానీ ధర పెరిగేదాకా ఆగుదామని మనసులో పెట్టుకుని నాబోతు మాట చెప్పడం న్యాయమా?

భూమి తనదేనని, ఇశ్రాయేలీయులు తన యొద్ద పరదేశులని దేవుడు లేవీయకాండము 25వ అధ్యాయంలో చెప్పాడు. పరదేశి అంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. పాసుపుస్తకంలో మన పేరున్నా, ఆయన యెదుట మనమూ కౌలుదారులమే.

అలాగైతే లెక్క చెప్పాలి. పంట పోయిన ఏడు కూడా కౌలు పూర్తిగా వసూలు చేశామా? "కట్నం ఇచ్చాంగా" అని చెల్లెలి చేత సంతకం పెట్టించుకున్నామా? అన్నదమ్ములు లేని సెలోపెహాదు కుమార్తెలు తండ్రి భాగం అడిగితే, వారి మాట న్యాయమేనని దేవుడే తీర్పు చెప్పాడు. వీలునామా లేనప్పుడు క్రైస్తవ కుమార్తెకు కుమారునితో సమాన వాటా అని 1925 నాటి భారత వారసత్వ చట్టమూ చెబుతోంది.

అమ్మాలా, ఉంచాలా అన్నది తర్వాతి ప్రశ్న. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక ముందు చెల్లెలికి ఫోన్ చేయండి. ఆ తర్వాత ఆ రైతుకు.